బొమ్మకు ఫినిషింగ్ ఎంతసేపు? ఎక్కడ ఆపాలి?

“దీనికి ఎన్ని రోజులు పట్టింది?” అని బొమ్మ చూసినవాళ్లు అడుగుతారు. గీస్తున్నవాళ్లను పీడించే ప్రశ్న వేరు: ఇంకా ఎన్ని రోజులు దీని మీదే కూర్చోవాలి? ముప్పావు వంతు బొమ్మ చకచకా వచ్చేస్తుంది. మిగిలిన పావు వంతు దగ్గరే వారాలు గడిచిపోతాయి. ఒక చోట దిద్దితే ఇంకో చోట తేడా కొడుతుంది. అది సరిచేస్తే మొదట దిద్దిన చోటు మళ్లీ వెలితిగా కనిపిస్తుంది. చివరికి విసుగొచ్చి ఆపేస్తారు, లేదా పాడయ్యాక ఆపేస్తారు.

పేరున్నవాళ్ల లెక్కలు చూసి నేర్చుకుందామా అంటే అవీ పొంతన కుదరవు. వాన్ గో 1890లో తన చివరి 70 రోజుల్లో 70కి పైగా చిత్రాలు వేశాడు. వెర్మీర్ రెండు దశాబ్దాలు పనిచేసినా ఈరోజు మనకు తెలిసినవి 35 చిత్రాలు, కాస్త అటూ ఇటూగా. వీళ్లలో ఎవరి గంటలూ మన బొమ్మకు కొలత కావు. మనకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది: బొమ్మ ఎంత వరకు పూర్తి కావాలో మొదలుపెట్టకముందే తేల్చుకోవడం, ఫినిషింగ్‌కి విడిగా టైమ్ పెట్టుకోవడం, ఆ టైమ్ చాలకపోతే తప్పు ఎక్కడుందో వెనక్కి వెళ్లి వెతకడం. ఒక్కో మెట్టూ చూద్దాం.

1. ఇది దేనికోసం గీస్తున్నారో ముందు తేల్చుకోండి

చేతికి అలవాటు కోసం గీసే బొమ్మ, అమ్మడానికి గీసేది, ఎవరో అడిగితే గీసిచ్చేది, పూర్తిగా మీ కోసం గీసుకునేది. ఈ నాలుగింటికీ ఒకే ఫినిషింగ్ అక్కర్లేదు. సాధన కోసం గీసే బొమ్మకైతే టైమ్ ముందే కట్టేయండి. అరగంటో, గంటో, రెండు గంటలో. అలారం మోగగానే ఆపేయండి, చెయ్యి సగంలో ఉన్నా సరే. సాధన బొమ్మను అందంగా ముగించాలని కూర్చుంటే మీరు నేర్చుకోవాల్సిన విషయం పక్కకు పోతుంది. చేతులు గీయడం రావట్లేదని మొదలుపెట్టి, వెనకాల కర్టెన్ మడతలకు షేడింగ్ ఇస్తూ సాయంత్రం గడిపేసేవాళ్లు చాలామంది. కర్టెన్ బాగానే వస్తుంది, చేతులు మాత్రం ఎక్కడివక్కడే.

మీ కోసం గీసుకునేదానికి గడువు లేకపోయినా పర్లేదు. ఒక్క షరతు: అది నడుస్తుండగా పక్కన ఇంకో బొమ్మ కూడా నడవాలి. ఒకే బొమ్మ మీద ప్రాణం పెట్టుకుని కూర్చుంటే దాన్ని పాడుచేస్తామేమోనన్న టెన్షన్ పెరిగి, ప్రతి గీతా భయంగా పడుతుంది.

2. క్యాన్వాస్ వెనక ఒక వాక్యం రాయండి

“చూసేవాళ్ల కన్ను మొదట ఎక్కడికి పోవాలి?” దీనికి జవాబు పెన్సిల్‌తో క్యాన్వాస్ వెనకో, పేపర్ వెనకో రాసుకోండి. ‘కిటికీలోంచి పడే వెలుగు, దాని అంచున ఆమె చెయ్యి’ అని రాశారనుకోండి. ఇక ఆ చెయ్యీ ఆ వెలుగూ పూర్తిగా రావాలి, మిగతావి వాటికి అడ్డం రాకుండా ఉంటే చాలు. గోడ మీది పగుళ్లు, కుర్చీ చెక్కడాలు, నేల మీది గళ్లు లెక్కపెట్టి గీయక్కర్లేదు.

చివర్లో చేసే పనిలో సగం ఇక్కడే తగ్గిపోతుంది. ‘పూర్తయిందా?’ అన్న ప్రశ్నకు జవాబు దొరకనిది చాలాసార్లు ఈ వాక్యం లేకపోవడం వల్లే. దేన్ని పూర్తి చేయాలో తెలియనప్పుడు అన్నిటినీ పూర్తి చేస్తూ పోతాం.

3. టైమ్‌ను మూడుగా పంచండి

నేను చెప్పే పంపకం ఇది: పావు వంతు ప్లానింగ్‌కి, సగం అసలు పనికి, పావు వంతు ఫినిషింగ్‌కి. పది గంటల బొమ్మ అయితే చిన్న స్కెచ్‌లు, వెలుగునీడల అమరిక, రంగుల ఎంపికకు రెండున్నర గంటలు. పెద్ద ఆకారాల నుంచి చిన్నవాటి దాకా నింపడానికి ఐదు గంటలు. మెరుగులకు రెండున్నర. ఇదేం శాసనం కాదు, మీ పద్ధతిని బట్టి జరుపుకోవచ్చు.

ఇందులో చూసుకోవాల్సింది చివరి భాగం. ఫినిషింగ్ మొత్తం టైమ్‌లో మూడో వంతు దాటిపోతోందంటే సమస్య ఫినిషింగ్‌లో లేదు. కాంపోజిషన్‌లోనో, వెలుగునీడల్లోనో, డ్రాయింగ్ కొలతల్లోనో ఉంది. ముక్కు ఉండాల్సిన చోటుకి కొంచెం పక్కన పడితే, దాని మీద ఎంత అందంగా షేడింగ్ ఇచ్చినా ముఖం కుదరదు. ఇలాంటప్పుడు చిన్న బ్రష్ కింద పెట్టి పెద్ద బ్రష్ తీసుకోండి. ముక్కును తుడిచేసి మళ్లీ గీయడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. తుడవడానికి మనసొప్పక దిద్దుతూ కూర్చుంటే ఇరవై గంటలైనా చాలవు.

4. మీ రంగు ఎంత ఓర్చుకుంటుందో తెలుసుకోండి

వాటర్‌కలర్‌కి ఓపిక తక్కువ. వాష్ (నీళ్లు కలిపిన పల్చని రంగు పొర) వేశాక తడి మెరుపు పోయి, ఇంకా చల్లగా ఉన్న దశలో దాన్ని ముట్టుకోకూడదు. ఆ టైమ్‌లో నీళ్లున్న బ్రష్ తగిలితే కొత్త నీళ్లు పాత రంగును పక్కకు నెట్టి, చుట్టూ గరుకు అంచున్న మరక మిగులుస్తాయి. అయితే పూర్తి తడిలో దిద్దాలి, లేకపోతే పూర్తిగా ఆరాక దిద్దాలి. ఆరాక రంగు లేతబడుతుందన్నది కూడా గుర్తుంచుకోండి, తడిగా ఉన్నప్పుడు చూసి ‘సరిపోయింది’ అనుకోవద్దు. ఒకే చోట రుద్దుతూ పోతే పేపర్ పైపొర లేచిపోతుంది. అప్పుడు ఆ మచ్చ బాగుపడదు. అందుకే వాటర్‌కలర్‌లో ఫినిషింగ్ టైమ్ గంటల్లో కాదు, ఒక్కో చోట ఎన్నిసార్లు ముట్టుకున్నారన్న లెక్కలో చూసుకోవాలి. రెండు మూడు పొరలు దాటితే అనుమానించండి.

ఆయిల్ పద్ధతే వేరు. ఒక పొర పైకి ఆరడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల వరకు పట్టొచ్చు. అది రంగును బట్టీ, ఎంత మందంగా వేశారన్నదాన్ని బట్టీ మారుతుంది. అంబర్లు (మట్టి గోధుమ రంగులు) తొందరగా ఆరతాయి, కొన్ని ఎరుపులూ నలుపులూ సతాయిస్తాయి. పై పొరల్లో కింది పొరల కంటే నూనె ఎక్కువ ఉండాలన్న నియమం మెరుగుల టైమ్‌లో ఇంకా ముఖ్యం, తిరగబడితే పైన పగుళ్లు వస్తాయి. కాబట్టి ఆయిల్ బొమ్మకు క్యాలెండర్‌లో నెల రోజులు పడితే అందులో బ్రష్ పట్టుకునేది పది పన్నెండు గంటలే కావచ్చు. ఎవరికైనా తేదీ చెప్పేటప్పుడు ఆరే రోజులు కలిపి చెప్పండి.

ఆక్రిలిక్ నిమిషాల్లో ఆరుతుంది, ఆరాక కాస్త ముదురుతుంది. పెన్సిల్‌లో పేపర్ గరుకు ఉన్నంతవరకే గ్రాఫైట్ పడుతుంది, ఆ గరుకు నిండిపోయాక ఎంత నొక్కినా మెరుపు వస్తుందే తప్ప నలుపు రాదు.

డిజిటల్‌లో మాత్రం ఏ అడ్డూ లేదు, అదే దాని చిక్కు. అన్‌డూ ఉంది, జూమ్ ఉంది. 400 శాతం జూమ్‌లో కనురెప్పల వెంట్రుకలు గీసుకుంటూ ఒక పూట గడపొచ్చు. ఫోన్ స్క్రీన్ మీద చూసేవాడికి ఆ కన్ను గోరంత కూడా ఉండదు. ఫినిషింగ్ దశలో జూమ్‌కి హద్దు పెట్టుకోండి. బొమ్మ చివరికి ఎంత సైజులో కనపడుతుందో దానికి రెట్టింపు దాటొద్దు.

5. బొమ్మంతా ఒకేసారి పెంచండి

ఒక మూల నుంచి పూర్తి చేసుకుంటూ వెళ్లే పద్ధతి కొందరికి కుదురుతుంది. చాలామందికి మాత్రం అదే పెద్ద ఉచ్చు. ముఖం పూర్తిగా చేసి, బట్టలు సగం చేసి, బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా వదిలేస్తే చివర్లో వేసిన బ్యాక్‌గ్రౌండ్ రంగు ముఖం రంగునే మార్చేస్తుంది. పక్కన ముదురు ఆకుపచ్చ పడగానే చెంప ఎర్రగా కనిపిస్తుంది. అప్పుడు పూర్తయిందనుకున్న ముఖాన్ని మళ్లీ విప్పాలి.

1899లో సెజాన్ తన చిత్రాల వ్యాపారి వొల్లార్ బొమ్మ వేశాడు. దానికోసం వందసార్లకు పైగా ఆయన ముందు కూర్చున్నానని వొల్లార్ రాసుకున్నాడు. ఆ బొమ్మలో చేతి మీద రెండు చిన్న చోట్ల రంగు పడలేదు, క్యాన్వాస్ అలాగే కనిపిస్తుంది. అక్కడ ఏదో ఒక రంగు పెట్టేస్తే ఆ చుక్కకు తగ్గట్టు మొత్తం బొమ్మను మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుందని సెజాన్ అన్నాడట. కొంచెం అతిగా అనిపించినా, ఫినిషింగ్‌లో పెట్టే ఏ చుక్కా ఒంటరిగా ఉండదన్నది నిజమే. బొమ్మంతా కలిసి పెరిగితే మీకు ఇంకో లాభం కూడా ఉంది: ఏ రోజు ఆపినా అది బొమ్మలాగే ఉంటుంది.

ప్రతి రోజూ పని ఆపేముందు ఒక ఫోటో తీసుకోండి. మతిస్ 1935లో ‘పింక్ న్యూడ్’ వేస్తున్నప్పుడు నెలల తరబడి మార్పులు చేస్తూ, దశ దశకీ ఫోటోలు తీయించాడు. అలాంటివి 22 ఉన్నాయి. మీకు అన్ని అక్కర్లేదు. నిన్నటి ఫోటో, ఈరోజు ఫోటో పక్కపక్కన పెట్టి చూడండి. నిన్నటిదే బాగుందనిపించిన రోజు పని ఆపాల్సిన రోజు, లేదా నిన్నటి దగ్గరికి వెనక్కి వెళ్లాల్సిన రోజు.

6. గోడకు తిప్పి పెట్టండి

మెరుగులు మొదలుపెట్టేముందు బొమ్మను కంటికి కనపడకుండా పెట్టండి. చిన్న స్కెచ్‌కి ఒక రాత్రి, మామూలు బొమ్మకు మూడు రోజులు, నెలల తరబడి చేసినదానికి రెండు మూడు వారాలు. గడువు దగ్గర పడితే కనీసం భోజనం చేసి, కాసేపు బయట తిరిగి రండి. అలవాటు పడిన కన్ను తప్పుల్ని దాటేస్తుంది.

మళ్లీ తీసినప్పుడు మొదట అద్దంలో చూడండి. లియొనార్డో తన రాతల్లో చిత్రకారులకు చెప్పిన సలహాల్లో ఇదొకటి: అద్దంలో బొమ్మ తిరగబడి వేరేవాళ్లు గీసినట్టు కనిపిస్తుంది, తప్పులు ఇట్టే దొరుకుతాయి. దూరం నుంచి చూడమనీ, మధ్యలో పని వదిలి కాస్త విశ్రాంతి తీసుకోమనీ ఆయనే చెప్పాడు. డిజిటల్‌లో అయితే క్యాన్వాస్‌ను అడ్డంగా ఫ్లిప్ చేయండి. తర్వాత కళ్లు చికిలించి చూడండి, వివరాలు పోయి వెలుగునీడలు మాత్రమే మిగులుతాయి. ఆ మసకలో, క్యాన్వాస్ వెనక మీరు రాసుకున్న వాక్యం చెప్పిన చోటే కన్ను ఆగుతుందా?

7. తప్పుల జాబితా రాయండి, బ్రష్ ముట్టుకోకుండా

కుర్చీ వెనక్కి జరుపుకుని, కాగితం మీద కనిపించినవన్నీ రాయండి. ఒక ముసలాయన ముఖం వేశారనుకుందాం. జాబితా ఇలా రావచ్చు:

- చెంప నీడ, మెడ నీడ ఒకే ముదురులో ఉన్నాయి, గడ్డం మెడకు అతుక్కుపోయింది.
- చొక్కా కాలర్ నుదుటి కంటే తెల్లగా ఉంది.
- చెవి అంచు కత్తితో కోసినట్టుంది.
- రెండు కళ్లలోనూ మెరుపు చుక్క ఒకే సైజులో ఉంది.
- జుట్టులో ఇంకొన్ని వెంట్రుకలు గీయాలి.
- బ్యాక్‌గ్రౌండ్‌లో ఇంకా ఏదైనా పెట్టాలి.

మొదటి నాలుగూ ‘ఏం తప్పుందో’ చెబుతున్నాయి. చివరి రెండూ ‘ఇంకా’తో వచ్చాయి. ‘ఇంకా’ ఉన్నవాటిని కొట్టేయండి. అవి తప్పులు కావు, చేతి దురద. బొమ్మకు అవి లేకపోతే నష్టమేమిటో చెప్పగలిగితేనే జాబితాలో ఉంచండి.

ఇప్పుడు పెద్ద తప్పు నుంచి చిన్నదానికి రండి. ముందు మెడ నీడను ఒక మెట్టు ముదురు చేయండి. గడ్డం దానంతటదే ముందుకొస్తుంది, గడ్డాన్ని ముట్టుకోవాల్సిన పనే ఉండదు. తర్వాత కాలర్ మీద పల్చగా నీలి బూడిద రంగు వేసి దాని తెలుపు అణచండి. అంతే, నుదురు వెలుగుతుంది. చెవి దగ్గర పొడి బ్రష్‌తో అంచు మీదుగా ఒక్కసారి, వెనకాల రంగు వైపుకి, మెల్లగా లాగండి. ముఖానికి అవతలి పక్క కాబట్టి అది మసకబారడమే న్యాయం. ఇక కళ్లు. దగ్గరి కంట్లో చుక్క అలాగే ఉంచి, దూరపు కంట్లో చుక్కను సగానికి తగ్గించి, అచ్చ తెలుపు కాకుండా కాస్త మాసిన తెలుపు చేయండి. చూపు ఒక్కసారిగా ఒక చోటికి తిరుగుతుంది. మొత్తం ఒక మధ్యాహ్నం పని.

గమనించారో లేదో, నాలుగింట్లో మూడు అణచడాలే. ఫినిషింగ్ అంటే కలపడం అని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అందులో ఎక్కువ భాగం తగ్గించడం.

కలపాల్సిందేదైనా ఉంటే అది చిట్టచివర, ఒకే ఒక్కటి. 1832లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో టర్నర్ బూడిద రంగు సముద్ర చిత్రం పక్కన కాన్‌స్టబుల్ చిత్రం ఎరుపులతో ధగధగలాడుతోంది. టర్నర్ వచ్చి, కాసేపు చూసి, తన సముద్రం మీద నాణెమంత ఎర్ర రంగు పెట్టి వెళ్లిపోయాడని అక్కడున్న తోటి చిత్రకారుడు రాశాడు. తర్వాత వచ్చి దాన్ని నీళ్లలో తేలే బోయాగా దిద్దాడు. ఒక్క చుక్క కాబట్టే పనిచేసింది. పది పెట్టి ఉంటే పక్క బొమ్మతో పోటీ పడి ఓడిపోయేవాడు.

8. ఎప్పుడు ఆపాలి

జాబితా అయిపోయింది. బ్రష్ చేతిలో ఉంది, చెయ్యి ఊరుకోవట్లేదు. ఇప్పుడు ఈ గుర్తులు చూసుకోండి. బొమ్మను చూసే దూరంలో నిలబడితే మీరు ఇప్పుడే చేసిన మార్పు కనపడట్లేదు. మార్చినదాన్నే తిరిగి మార్చారు. ఏది సరిచేయాలో తెలియకుండానే బ్రష్ రంగులో ముంచారు. బొమ్మ కంటే దాన్ని ఎవరేమంటారోనన్న ఆలోచనే ఎక్కువగా నడుస్తోంది. వీటిలో రెండు కనిపించినా బ్రష్ కడిగేయండి.

ఇంకా మనసు కుదరకపోతే ఒక పని చేయండి: సంతకం పెట్టేయండి. సంతకం పడ్డాక కొత్త ఆలోచన ఏదొచ్చినా తర్వాతి బొమ్మకే. ఈ అలవాటు కొంచెం కఠినంగా అనిపిస్తుంది. కానీ పాత బొమ్మలో దిద్దే తప్పు కంటే కొత్త బొమ్మలో చేయకుండా ఉండే తప్పు చేతికి ఎక్కువ నేర్పుతుంది.

ఆయిల్ అయితే సంతకం తర్వాత కూడా ఒక పని మిగులుతుంది. వార్నిష్‌కి పాత పద్ధతి ప్రకారం ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి, మందంగా వేసినదానికి ఇంకా ఎక్కువ.

9. ఎవరైనా ఆర్డర్ ఇస్తే

ఇక్కడ ఫినిషింగ్‌ను మీరొక్కరే నిర్ణయించరు, అందుకని మాట ముందే అయిపోవాలి. స్కెచ్ దశలో ఎన్నిసార్లు మార్చిస్తారు, రంగులు పడ్డాక ఎన్నిసార్లు మారుస్తారు, ఏ తేదీకి ఇస్తారు: మూడూ రాసి ఇవ్వండి. స్కెచ్‌లో రెండు మార్పులు, రంగుల తర్వాత ఒక చిన్న మార్పు అన్నది ఇద్దరికీ న్యాయమైన ఒప్పందం. ఇది లేకపోతే ‘ఆ నవ్వు ఇంకొంచెం’ అంటూ నెలల తరబడి నడుస్తుంది. గడువుకు మూడు రోజుల ముందే మీ లెక్కలో పూర్తి చేసి పెట్టుకోండి, గోడకు తిప్పి పెట్టడానికి ఆ మూడు రోజులు కావాలి.

ధరను గంటలతో మాత్రమే కట్టకండి. చెయ్యి తిరిగేకొద్దీ అదే బొమ్మ తక్కువ గంటల్లో అవుతుంది, అప్పుడు మీ నేర్పుకి మీరే జరిమానా కట్టుకున్నట్టవుతుంది. ఈ గొడవ కోర్టు దాకా వెళ్లిన సందర్భం ఉంది. విస్లర్ అనే చిత్రకారుడు రాత్రివేళ బాణసంచా చిత్రం ఒకటి వేసి 200 గినీలు (అప్పటి బ్రిటన్ డబ్బు లెక్క) ధర పెట్టాడు. ప్రజల ముఖాన రంగు డబ్బా విసిరినదానికి అంత డబ్బా అని విమర్శకుడు రస్కిన్ రాశాడు. విస్లర్ పరువునష్టం దావా వేశాడు. 1878లో విచారణ జరిగింది. ఒక రోజు గీయడానికి, ఇంకో రోజు ముగించడానికి పట్టి ఉండొచ్చని విస్లర్ చెప్పాడు. రెండు రోజుల పనికి 200 గినీలా అని అవతలి లాయర్ అడిగితే, జీవితమంతా పనిచేసి సంపాదించిన జ్ఞానానికి అడుగుతున్నానన్నాడు. కేసు గెలిచాడు, పరిహారం మాత్రం ఒక్క ఫార్తింగ్, పెన్నీలో నాలుగో వంతు. కోర్టు ఖర్చులతో దివాలా తీశాడు. జవాబు గొప్పదే, ఒప్పందం మాత్రం ముందే రాసుకోవడం మేలు.

10. వదిలేయాల్సినవి వదిలేయండి

మొదలుపెట్టిన ప్రతి బొమ్మా పూర్తి కావాలని లేదు. రెండుసార్లు గోడకు తిప్పి, రెండుసార్లు జాబితా రాసి, రెండోసారీ మొదటి తప్పే వచ్చిందంటే ఆ బొమ్మను పక్కన పెట్టొచ్చు. పేపర్ అయితే రెండు ఎల్ ఆకారపు అట్టముక్కలు ఫ్రేమ్‌లా పట్టుకుని బొమ్మ మీద జరుపుతూ చూడండి. పెద్ద బొమ్మలో ఒక మూల చక్కగా కుదిరి ఉండొచ్చు, అంతవరకు కత్తిరించుకోండి. ఆక్రిలిక్ క్యాన్వాస్ మీద జెస్సో (రంగుల కింద ముందుగా పూసే తెల్ల పూత) వేసి మళ్లీ వాడుకోవచ్చు. ఆరిన ఆయిల్ మీద ఆక్రిలిక్ జెస్సో వేయకండి, అది పట్టుకోదు, తర్వాత ఊడొస్తుంది. తడిగా ఉండగానే గీకేయడం అన్నిటికంటే సులభం.

అయితే వరసగా అన్నీ వదిలేస్తున్నారంటే అది వేరే జబ్బు. అప్పుడు సైజు తగ్గించండి. అరచేతి అంత బొమ్మలు, ఒక్కోటి గంటలో ముగిసేవి, కొన్ని వారాలు అవే చేయండి. ముగించడం కూడా చేతికి అలవాటు కావాల్సిన పనే, పెద్ద క్యాన్వాస్ మీద ఏడాదికి రెండుసార్లు ముగిస్తే ఆ అలవాటు రాదు.

ప్రతి బొమ్మకూ ఒక నోట్‌బుక్‌లో మూడు అంకెలు రాసుకోండి: ఎన్ని గంటలు అనుకున్నారు, ఎన్ని పట్టాయి, అందులో ఫినిషింగ్‌కి ఎన్ని. పదో బొమ్మ దగ్గరికొచ్చేసరికి మీ అంచనా ఎప్పుడూ ఎంత తక్కువ పడుతోందో కనిపిస్తుంది. తర్వాతి ఆర్డర్‌కి తేదీ చెప్పేటప్పుడు ఆ తేడా కలిపి చెప్పండి.